మూరెడు నాడా

వదినా ఆడపడుచుల మధ్య పుల్లలు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఇద్దర్నీ పట్టుకుని ఒకే తాడుకు కట్టినవాళ్లను అంతకుముందు చూడలేదు. ఆ వానాకాలం మమ్మల్ని అలా కట్టేసింది డ్రిల్లు టీచరు. తాడు మాత్రం నాదే. నా కుట్టు దుకాణంలో పైజామాలకు ఎక్కించే నాడా చుట్ట నుంచి మూరెడు ముక్క కత్తిరించి, రెండు కొసలా చెయ్యి దూరేటట్టు ఉచ్చులు కుట్టాను. ఒక ఉచ్చు మా ఆడపడుచు ఎడమ చేతికి, ఇంకోటి నా కుడి చేతికి. ఆ నాడా మా ఇంట్లో చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది.

అసలు గొడవంతా ఒక గడియతో మొదలైంది.

మా ఆడపడుచు మందుల షాపులో పనిచేసేది. కంటి వెనక నరం ఎండిపోయే జబ్బు చేసి, ఏడాది తిరిగేసరికి చూపు పూర్తిగా పోయింది. సీసా మీద అక్షరాలు కూడబలుక్కోవాల్సి వచ్చిన రోజునే, ఒకరి మందు ఇంకొకరి చేతిలో పెట్టడం తన వల్ల కాదని చెప్పి ఉద్యోగం మానేసి ఇంటికొచ్చింది. ఏడవలేదు. మేం ఏడిస్తే విసుక్కుంది. చేతికర్ర ఒకటి తెప్పించుకుని, మొదట గుమ్మం దాకా, తర్వాత సందు మలుపు దాకా, చివరికి పెద్ద రోడ్డు మీది రొట్టెల దుకాణం దాకా తనంతట తను వెళ్లొచ్చేది. వానలు మొదలైన వారంలో ఒక సైకిలతను వచ్చి గుద్దాడు. ఆమెకు మోకాలు చెక్కుకుపోయింది. ఆమె నోటికి దొరికినందుకు ఆ సైకిలతనికి అంతకంటే ఎక్కువే తగిలింది.

మా మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఎవరికీ గీత పడకుండా బండి నడిపిన మనిషి, సొంత కూతురికి దెబ్బ తగిలేసరికి తట్టుకోలేకపోయారు. ఆ సాయంత్రమే వీధి తలుపుకు లోపలివైపు, పై అంచున ఒక ఇనుప గడియ బిగించారు. నాకూ మా ఆయనకూ చెయ్యెత్తితే అందుతుంది. మా ఆడపడుచు పొట్టి మనిషి, ఆమెకు అందదు. స్టూలు వేసుకుని తీయడం చేతకాక కాదు. బిగించినవాడే ఊడదీయాలని ఆమె పంతం. గడప దాటాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలని ఆయన పంతం. తండ్రీ కూతుళ్లు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని మాటలు మానేశారు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో నేనే. "మీ మామగారికి టీ చల్లారిపోతోందని చెప్పు వదినా" అని ఆమె, "విన్నానని చెప్పమ్మాయ్" అని ఆయన. పొద్దున్నే దుకాణానికి పోయి కూర్చుంటే గానీ నాకు ఊపిరి సలిపేది కాదు.

డ్రిల్లు టీచరు ఆ దుకాణానికే వచ్చింది. బళ్లో పిల్లల చేత కసరత్తులు చేయించి రిటైరైనా, ఊళ్లో ఏ పరుగు పందెం పెట్టినా ముందుండే మనిషి. పైజామా నడుము బిగుతు చేయించుకుంటూ మా ఇంటి భాగోతమంతా విన్నది. విని, వానాకాలం చివర ఊళ్లో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నాం, మీ ఆడపడుచును తీసుకురా అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చూపు లేనివాళ్లు పక్కన ఒక తోడు మనిషిని పెట్టుకుని, ఇద్దరూ ఒక చిన్న తాడు పట్టుకుని పరిగెత్తుతారట. తోడు మనిషి దారి చెప్పాలే తప్ప లాగకూడదట. చివరి గీత దగ్గర కూడా తోడు మనిషే వెనక దాటాలట. అంత ఓపిక ఉన్న తోడు ఎవరు దొరుకుతారండీ అన్నాను. ఆమె మిషను కింద నా కాళ్ల కేసి చూసి, ఇన్నేళ్లు మిషను తొక్కిన కాళ్లు, పరిగెత్తలేవా అంది. ఎందుకు పరిగెత్తలేవు, భేషుగ్గా పరిగెత్తుతాయి అన్నాను రోషంగా. అలా అడ్డంగా దొరికిపోయాను.

ఆ పూట భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే మా ఆడపడుచు ముఖం విచ్చుకుంది. ఆ ముఖం అలా చూసి ఎన్నాళ్లయిందో. మామగారు కంచం మీంచి తలెత్తకుండా, కుదరదని చెప్పమ్మాయ్ అన్నారు. అప్పుడు ఆమె నన్ను దాటేసి నేరుగా తండ్రినే అడిగింది.

"నాన్నా, బస్సు వెనక్కి తీసేటప్పుడు నీకు వెనక కనిపించేదా?"

ఇన్ని రోజులకు కూతురు పలకరించిందన్న సంబరంలో ఆయన కూడా నన్ను మరిచిపోయారు. "అంత పొడుగు బండికి వెనక ఏం కనిపిస్తుంది? కండక్టరు దిగి చెప్పేవాడు."

"ఎలా చెప్పేవాడు?"

"బస్సు ఒంటి మీద చేత్తో చరిచేవాడు. ఒక్క దెబ్బ వేస్తే ఆగాలి. రెండు వేస్తే పోవాలి."

"అతని మాట నమ్మేవాడివా?"

"నమ్మక ఏం చేస్తాను?"

"మరి వదిన మాట నేను నమ్మితే నీకేంటి?"

మామగారు నా వైపు చూశారు. ఆ చూపులో నేను మాడబెట్టిన గిన్నెలన్నీ వరసగా కనిపించాయి. కండక్టర్లకు ట్రైనింగు ఇస్తారు అన్నారు చివరికి. నేనూ తీసుకుంటాను మామయ్యా అన్నాను. ఆయన కంచంలో చెయ్యి కడుక్కున్నారు. తర్వాత ఒక బేరం పెట్టారు. పరుగు రోజున వెనకబడ్డవాళ్లను ఎక్కించుకోవడానికి ఆయన పనిచేసిన డిపో బస్సే వెనకాల వస్తుంది. అందులో తనూ ఉంటారు.

"నీకు కిటికీ సీటు పెట్టి ఉంచుతాను. బస్సు ఎక్కావా, గడియ మాట మళ్లీ ఎత్తకూడదు."

"ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే నా చేత్తోనే ఊడదీస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం, నీ కర్ర ఇష్టం."

మా ఆయన కరెంటు పని చేస్తారు, స్తంభాలెక్కే మనిషి. ఆయనకిదంతా తమాషాగా ఉంది. పెళ్లానికీ చెల్లెలికీ చేతులు కట్టేసి, నోళ్లు మాత్రం వదిలేశారేంటి అని బాధపడ్డారు.

డిపో ఆవరణలో మొదలుపెట్టాం. తెల్లవారుతూనే బస్సులన్నీ బయటికి పోతాయి, ఆ తర్వాత అంతా బయలే. డీజిలు కొట్టే చోట డీజిలు వాసన, బస్సులు కడిగే చోట తడి సిమెంటు వాసన, టైర్ల షెడ్డు దగ్గర రబ్బరు వాసన. కొద్ది రోజులకే మా ఆడపడుచు నాకంటే ముందే మలుపు పసిగట్టేది. మామగారు పాత స్నేహితులను చూసే నెపంతో మా వెనకే వచ్చి, అరిగిపోయిన టైరు ఒకటి చూసుకుని దాని మీద కూర్చునేవారు. స్నేహితులు పలకరిస్తే మాత్రం విసుక్కునేవారు. ఆయన కళ్లు మా కాళ్ల మీదే.

మొదటి రోజుల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. నాకు అరచుట్టు తిరిగేసరికి డొక్కలో పొడిచేది. ఆమె పది అడుగులు వేసి, ఎదురుగా గోడ ఉందేమోనని చెయ్యి చాపి ఆగిపోయేది. నేను లాగేదాన్ని. కుట్టు పని చేసేవాళ్లకు దారం వదులుగా వేలాడితే చెయ్యి ఊరుకోదు. నాకు తెలియకుండానే నాడాను బిగదీసి పట్టేదాన్ని. "నన్ను తీసుకెళ్తున్నావా, ఈడ్చుకెళ్తున్నావా వదినా" అని ఆమె అరిచేది. తీసుకెళ్తే నువ్వు వస్తున్నావా అని నేను అరిచేదాన్ని. కోపమొచ్చి చెరో దిక్కుకీ విసురుగా పోదామంటే చేతికి నాడా. చచ్చినట్టు పక్కపక్కనే నిలబడి పోట్లాడుకోవాల్సి వచ్చేది. ఏ ఇంట్లోనూ వదినా ఆడపడుచులు అంత దగ్గరగా నిలబడి తగువు పడి ఉండరు.

ఒక రోజు నేలంతా తడిగా ఉంది. ఆయిలు మరక ఒకటి ఉన్నట్టుండి నా కంటపడింది. నోటితో చెప్పాల్సింది పోయి చేత్తో ఒక్క గుంజు గుంజాను. ఆమె సరిగ్గా ఆ మరక మీదే కాలు వేసి బోర్లా పడింది. రెండు అరచేతులూ గీరుకుపోయాయి. మామగారు టైరు మీంచి లేచారు. ఎవరూ రావద్దు అంది ఆమె, నేల మీంచే. ఆయన అక్కడే ఆగిపోయారు. ఆమె లేచి, తడుముకుని నాడా ఉచ్చులో మళ్లీ చెయ్యి దూర్చుకుని, పద అంది. పదమంది గానీ ఆ పూట ఇంక నాకే కాళ్లాడలేదు.

దుకాణంలో ఆ మధ్యాహ్నం పల్చటి బట్ట ఒకటి కుడుతున్నాను. కుట్టు వెంట ముడతలు పడుతున్నాయి. దారం బిగుతు ఎక్కువైతే అంతే, పల్చటి బట్టకు కాస్త వదులు చేయాలి. పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలిసే సంగతి. అలవాటు చొప్పున బిగుతు స్క్రూ మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయాను. పొద్దున నేను చేసిన నిర్వాకం కళ్ల ముందు కనబడింది. ఆ బట్ట ఇవ్వాల్సిన మనిషి వచ్చి నిలబడితే, రేపు రండి అని పంపేశాను. స్క్రూ వదులు చేసి మళ్లీ మొదట్నుంచీ కుట్టాను. ముడత లేకుండా నడిచింది.

మర్నాడు నాడాను వదిలేశాను. వదిలేశానంటే చేతిలోనే ఉంది, దాని మానాన అది ఊగుతోంది. చెప్పాల్సిందంతా నోటితోనే చెప్పాను. ఎడమకు, కుడికి, నీళ్లున్నాయి, గతుకుంది, ముందంతా ఖాళీ. ఆ చివరి మాట చెప్పినప్పుడల్లా ఆమె అడుగు సాగడం గమనించాను. కడిగే చోటు దాటాం, డీజిలు వాసన దాటాం, టైర్ల షెడ్డు దగ్గర మలుపు తిరిగాం. "విను" అంది. ఏమిటని అడిగాను. "అడుగులు." నాలుగు కాళ్లవి కావు, ఇద్దరు మనుషులవి కావు, ఒకే మనిషి అడుగుల్లా పడుతున్నాయి. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పరిగెత్తుతూ నవ్వితే ఆయాసం ముంచుకొస్తుంది, అయినా ఆపలేదు. నాకు కళ్లు చెమర్చి దారి కనిపించలేదు. కాసేపు మా ఇద్దరిలో చూపున్న మనిషే లేకుండా పరిగెత్తాం.

అక్కణ్నుంచి వెనక్కి చూసుకోలేదు. డిపో చాలక రోడ్డెక్కాం. వాన పడుతోంది ఇవాళ వద్దులే అని నేను దుప్పటి ముసుగు పెడితే, నాకూ వినిపిస్తోందిలే, లే అని ఆమె ముసుగు లాగేసేది. నా పిక్కలు వాచాయి, దిగాయి, మళ్లీ వాచాయి. ఇన్నేళ్లుగా మిషను మీంచి లేస్తే పట్టేసే నడుము ఎప్పుడు పట్టడం మానేసిందో నాకే తెలియదు. మెట్లు కనబడితే ఎక్కబుద్ధయ్యేది. చిన్నప్పుడు బళ్లో తప్ప పరుగన్నది ఎరగని మనిషిని, రోజూ ఆ వేళకు నా ఒళ్లు నాకు కొత్తగా దొరికేది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేసి, మా ఆయన దగ్గర మాత్రం కాళ్లు నొప్పులని మూలిగేదాన్ని. ఇంట్లో గడియ ఎక్కడిది అక్కడే ఉంది. పొద్దున మామగారే తీసేవారు, మేం తిరిగొచ్చాక ఆయనే వేసేవారు. మాట మాత్రం ఉండేది కాదు. దాని చప్పుడు విన్నప్పుడల్లా మా ఆడపడుచు దవడ బిగుసుకునేది.

పరుగు రోజు వానతోనే తెల్లవారింది. మార్కెట్టు ముందు జనమంతా గుంపుగా కదిలి, చూస్తుండగానే మమ్మల్ని దాటిపోయారు. మేం మా అడుగు మార్చలేదు. సినిమా హాలు దాటేసరికి వెనక ఇంజను చప్పుడు మొదలైంది. "మా నాన్న బండి" అంది మా ఆడపడుచు. పుట్టినప్పట్నుంచీ బస్సుల చప్పుడు వింటూ పెరిగిన మనిషి. దారిలో ఒక్కొక్కరే ఆ బస్సు ఎక్కుతున్నారు. మడత తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు, మళ్లీ మా వెనక ఇంజను. అది అలా తరుముతుంటే నేను మామూలుగా చెప్పే మాటలు కూడా గట్టిగా చెప్పసాగాను. తొందరపడకు, అది మనల్ని తొక్కదులే అంది ఆమె.

నది వంతెన ఎత్తు మొదలైన చోట నా పని అయిపోయింది. కుడి పిక్క ముడి పడ్డట్టు పట్టేసింది. అడుగు వేస్తే ప్రాణం పోతోంది. ఇన్నాళ్లూ ఆమె పడిపోతుందేమో, ఆమె అలిసిపోతుందేమో అని అందరం భయపడ్డాం గానీ, నా సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు కూడా. నేను ఆగితే ఆమె ఆగాల్సిందే. ఆమె ఆగితే గడియ ఇంక ఊడదు.

"నా వల్ల కాదు అమ్మాయ్" అన్నాను. "పిక్క పట్టేసింది. బస్సు ఎక్కేద్దాం."

ఆమె వేగం తగ్గించింది గానీ ఆగలేదు. "నోరు పనిచేస్తోందా?"

"నోటికేం, బాగానే ఉంది."

"చాలు. నువ్వు దారి చెప్పు. లాగడం నేను చూసుకుంటాను."

నా నోటి గురించి ఇన్నేళ్లలో ఆమె అన్న మంచిమాట అదొక్కటే. తోడు మనిషి లాగకూడదని రూలుంది గానీ, తోడు మనిషిని లాగకూడదని ఎక్కడా లేదు. నాడా బిగిసింది. ఈసారి ముందు నుంచి. ఆ పొట్టి మనిషి తల వంచుకుని, వానలో, కనిపించని ఎత్తు మీదికి నన్ను లాక్కుపోతోంది. నేను కుంటుతూ, ఏడుస్తూ చెబుతున్నాను. కొంచెం ఎడమకు, నీళ్లున్నాయి, ముందంతా ఖాళీ. ముందంతా ఖాళీ.

బస్సు పక్కకొచ్చింది. తలుపు తెరుచుకుంది. మామగారు ఫుట్‌బోర్డు మీద కడ్డీ పట్టుకుని నిలబడ్డారు, ముఖమంతా వాన. చెయ్యి చాపితే అందేటంత దగ్గర. రామ్మా, చాలు ఎక్కు అంటారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అంటే బాగుండునని కూడా అనిపించింది. ఆయన కూతురి కాళ్లను చూశారు, నా కాలిని చూశారు, మధ్యలో బిగిసిన నాడాను చూశారు. కడ్డీ పట్టుకోని చెయ్యి బయటికి చాపి, బస్సు ఒంటి మీద చరిచారు.

ఒక్క దెబ్బ. ఆగమన్నారనుకున్నాను. నాడాలో ఆమె చెయ్యి తడబడటం నాకు తెలిసింది.

రెండో దెబ్బ పడింది.

ఆమె అడుగు సాగింది. వంతెన ఎలా ఎక్కామో, ఎలా దిగామో నాకు సరిగా గుర్తు లేదు. దిగుడులో పిక్క కాస్త వదిలింది, నాడా మళ్లీ ఊగింది. వెనక ఇంజను చప్పుడు ఉంది గానీ, అది తరుముతున్నట్టు లేదు.

మైదానం దగ్గర జనం చాలావరకు వెళ్లిపోయారు. గీత దగ్గర కట్టిన గుడ్డ బ్యానర్లు విప్పేస్తున్న పనివాళ్లను డ్రిల్లు టీచరు కేకలేసి ఆపింది. గీత దగ్గర తోడు మనిషి ఒక అడుగు వెనక ఉండాలన్నది రూలు. ఆ రోజు అందుకు నేను ప్రత్యేకంగా శ్రమ పడాల్సిన అవసరం లేకపోయింది. ఇదే గీత అన్నాను. ఆమె దాటింది. నేను దాటాను. పరిగెత్తి వచ్చినవాళ్లలో అందరికంటే చివర మేమే. ఆమె రెండు చేతులూ పైకెత్తి, నాడాతో సహా నా చెయ్యి కూడా పైకి లేచిపోతే, వానలో నోరు తెరుచుకుని అరిచింది. నేనూ అరిచాను. నా పెళ్లి నాడు కూడా అంత సంతోషపడలేదు. మా ఆయన ఎదురుగానే ఉన్నారు గనక ఆ మాట అప్పుడు పైకి అనలేదు.

మామగారు బస్సు దిగి వచ్చి కూతురి ముందు నిలబడ్డారు. ఆమె ఆయన తడి చొక్కా వాసన పట్టింది. "కిటికీ సీటు ఎవరికిచ్చావు నాన్నా?" అని అడిగింది. ఎవరికీ ఇవ్వలేదు, ఖాళీగానే వచ్చింది అన్నారు ఆయన.

ఇంటికి రాగానే బట్టలైనా మార్చుకోకుండా స్టూలు వేసుకుని గడియ ఊడదీయబోయారు. వానలకు స్క్రూలు తుప్పు పట్టాయి, ఒక పట్టాన తిరగలేదు. ఇటివ్వండి, నాకిది రోజూ చేసే పనే అని మా ఆయన చెయ్యి చాపితే విదిలించేశారు. నా చేత్తో అన్నాను అన్నారు. చెమటలు కక్కుకుంటూ తనే తీశారు. తలుపు మీద బెజ్జాలు మాత్రం మిగిలాయి.

మర్నాడు నాకు ఆలస్యంగా మెలకువొచ్చింది. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. గోడ పట్టుకుని ముందు గదిలోకి వస్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది. మూల చేతికర్ర లేదు. నాడా మేకుకు వేలాడుతోంది. మామగారు ఒక్కరే గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నారు. అమ్మాయి ఏదని అడిగాను. రొట్టెల దుకాణానికి పోయింది అన్నారు. మీరు వెనకాల వెళ్లలేదా అంటే, నేనెందుకు అన్నారు.

నేను ఆయన వెనకే నిలబడ్డాను. సందు చివర సైకిలు గంట మోగింది. ఆయన కుడి పాదం కింది మెట్టును గట్టిగా అదిమింది, బ్రేకు తొక్కినట్టు. ఇంకో గంట మోగింది, మళ్లీ తొక్కారు. మనిషి మాత్రం లేవలేదు. అలా ఎన్ని బ్రేకులు తొక్కారో గానీ, చివరికి మలుపు అవతల నుంచి నేలకు తగులుతున్న కర్ర చప్పుడు వినిపించింది. తొందరేమీ లేని చప్పుడు. చంకలో వేడి రొట్టె పొట్లంతో మా ఆడపడుచు వచ్చి, కర్రతో తండ్రి మోకాలిని తట్టి ఆగింది.

"జరుగు నాన్నా. దారికి అడ్డంగా కూర్చున్నావు."

ఆయన జరిగారు.